1500 రూపాయల్లో మంచి హెల్మెట్ దొరుకుతుందా? షాపులో ఏం చూసి కొనాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ యాక్టివా మీద ఆఫీసుకు వెళ్లి వస్తారు. బడ్జెట్ 1500 దాటకూడదు. షాపులో 900 నుంచి 6000 దాకా చూపించారు, అన్నిటి మీదా ఐఎస్ఐ ముద్ర ఉంది. చవకది కొంటే తలకు నిజంగా రక్షణ ఉంటుందా, నాణ్యత ఎలా తేల్చుకోవాలి, షోరూమ్ వాళ్లు బండితో ఇచ్చిన హెల్మెట్ మీ ఆవిడకు సరిపోతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. 1500 లోపు నిఖార్సైన ఫుల్ ఫేస్ హెల్మెట్ వస్తుంది. సిటీలో మీరు వెళ్లే వేగానికి అది సరిపోతుంది. స్టడ్స్, వేగా, స్టీల్‌బర్డ్ లాంటి కంపెనీల సాదా మోడళ్లు ఈ ధరలోనే ఉన్నాయి. అయితే ధర కన్నా ముందు చూడాల్సినవి నాలుగు: మీ తలకు బిగుతుగా పట్టడం, లోపలి థర్మోకోల్, గడ్డం కింది పట్టీ, లైసెన్స్ నంబరుతో ఉన్న అసలు ఐఎస్ఐ ముద్ర. ఈ నాలుగూ సరిగ్గా ఉన్న 1300 రూపాయల హెల్మెట్, తల మీద గిరగిరా తిరిగే 5000 రూపాయల హెల్మెట్ కన్నా మేలు.

నాకు విజయవాడలో బండ్ల సామాన్ల షాపు ఉంది. ఎక్కువగా అమ్మేది హెల్మెట్లే. కొత్తవి అమ్మడం ఒక ఎత్తు, కింద పడ్డాక జనం తెచ్చి చూపించేవి ఇంకో ఎత్తు. ఏది ఎలా పని చేసిందో ఆ రెండో రకాన్ని చూశాకే అర్థమైంది. కౌంటర్ మీద రెండు హెల్మెట్లను రంపంతో నిలువునా కోసి పెట్టాను. ఒకటి మామూలు బ్రాండెడ్ చవక మోడల్, ఇంకొకటి రోడ్డు పక్కన గుట్టపోసి అమ్మే రకం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే నల్లగా నిగనిగలాడతాయి. కోసిన వైపు తిప్పితే మొదటిదాంట్లో దాదాపు అంగుళం మందాన థర్మోకోల్ కనిపిస్తుంది. రెండోదాంట్లో గుడ్డ, దాని వెనక పరుపుల్లో వాడే స్పాంజి, ఆ తర్వాత ప్లాస్టిక్ డొప్ప, అంతే. బేరం ఆడేవాళ్లకు ఆ రెండూ చూపిస్తే నేను మాట్లాడాల్సిన పని ఉండదు.

థర్మోకోల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పని చేసేది అదే. పైడొప్ప పని దెబ్బను ఒక్క చోట గుచ్చుకోనివ్వకుండా పరచడం, రోడ్డు మీద జారనివ్వడం. తలను మెల్లగా ఆపేది లోపలి థర్మోకోల్. మీరు స్కూటర్ మీద కూర్చుంటే తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. బండి ఆగి ఉన్నా సరే, అంత ఎత్తు నుంచి తల నేలకు తగిలే సమయానికి వేగం గంటకు 20 కిలోమీటర్ల దగ్గరికి చేరుతుంది. ఆ వేగాన్ని సిమెంటు రోడ్డు రెండు మూడు మిల్లీమీటర్లలో ఆపేస్తే పుర్రె, మెదడు తట్టుకోలేవు. థర్మోకోల్ నలుగుతూ ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో ఆపితే బలం ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. అందుకే అది నలగాలి. ఒకసారి నలిగిందంటే మళ్లీ ఉబ్బదు, ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. హెల్మెట్ మీద సుత్తితో కొట్టడం, కారు ఎక్కించడం లాంటి వీడియోలు చూసి, పగలకపోతే గట్టిది, గట్టిదంటే మంచిది అనుకుంటారు. పగలకుండా ఉండటం కాదు పరీక్ష, లోపలి తలకు ఎంత దెబ్బ చేరింది అన్నదే పరీక్ష. అస్సలు నలగని హెల్మెట్ దెబ్బనంతా తీసుకెళ్లి తలకే అప్పజెప్తుంది. బరువు విషయమూ అంతే. చేతిలో బరువుగా ఉంటే నమ్మకంగా అనిపిస్తుంది కానీ రోజూ గంటసేపు ట్రాఫిక్‌లో మోసేది మీ మెడ. నా షాపులో ఎక్కువగా పోయే ఫుల్ ఫేస్ మోడళ్లు 1.1 నుంచి 1.4 కిలోల మధ్య తూగుతాయి. అంతకు మించి బరువుంటే నేను అనుమానంగానే చూస్తాను.

సరే, షాపులో ఏం చేయాలి?

లోపలి గుడ్డను కాస్త పక్కకు లాగి చూడండి. చాలా మోడళ్లలో చెంపల దగ్గరి కుషన్లు ఊడి వస్తాయి. షాపువాణ్ని అడిగి తీయించండి. తీయనివ్వనంటే ఇంకో షాపుకు వెళ్లండి. కింద తెల్లగానో నల్లగానో థర్మోకోల్ కనిపించాలి. నుదురు, నడినెత్తి, వెనక భాగం, చెవుల పైభాగం, ఇలా ప్రతి చోటా ఉండాలి. కొన్నిటిలో నడినెత్తిన మందంగా ఉండి పక్కల మాయమైపోతుంది. అంచు దగ్గర వేలితో మెల్లగా రుద్దండి. గింజలు రాలితే అది టీవీ ప్యాకింగ్‌లో వచ్చే సరుకు, వద్దు. గోరుతో నొక్కితే సొట్ట పడుతుందేమో అని మాత్రం పరీక్షించకండి. మంచి థర్మోకోల్ కూడా గోటికి సొట్ట పడుతుంది, కొనకుండానే ఒకరి సరుకు పాడు చేసినవాళ్లవుతారు.

పట్టీ దేనికి బిగించారో చూడండి. పట్టీ చివర రివెట్‌తో పైడొప్పకు బిగించి ఉండాలి. లోపలి గుడ్డకు కుట్టి వదిలేసినవి రోడ్డు పక్కన కనిపిస్తాయి. అలాంటిది పడిన మొదటి క్షణంలోనే తల నుంచి ఊడిపోతుంది, ఆ తర్వాత తల ఒట్టిదే. పట్టీని రెండు చేతులా గట్టిగా గుంజండి, మొహమాటపడొద్దు. బకిల్ పెట్టి తీసి, పెట్టి తీసి పదిసార్లు చూడండి. రెండు ఇనుప రింగుల్లోంచి పట్టీని దూర్చి బిగించే రకానికి మించింది లేదు, దాంట్లో చెడిపోవడానికి ఏమీ ఉండదు. కానీ సిగ్నల్ దగ్గర, పెట్రోల్ బంకు దగ్గర తీసి పెట్టుకోవడానికి విసుగు. ఆ విసుగుతో పట్టీ పెట్టుకోవడమే మానేసేవాళ్లను చాలామందిని చూశాను. మీరూ ఆ రకమైతే పళ్లు పళ్లుగా ఉండి టిక్ టిక్ మంటూ బిగిసే క్విక్ రిలీజ్ తీసుకోండి, అది కూడా లోహం తాళం ఉన్నది. పల్చటి ప్లాస్టిక్ క్లిప్పు ఒక ఎండాకాలం బండి మీద వదిలేస్తే పెళుసెక్కిపోతుంది.

చట్టం కూడా పట్టీని వదల్లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో హెల్మెట్ తల మీద ఉంటే చాలదు, పట్టీతో గట్టిగా బిగించి ఉండాలనే అర్థం ఉంది. అదే చట్టం 194డి సెక్షన్ కింద జరిమానా 1000 రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్స్ రద్దు చేసే వీలుంది. చలాన్ టెన్షన్ కోసం కొనేవాళ్లకు ఇది చెప్తే కాస్త వింటారు.

ఇక ఐఎస్ఐ ముద్ర. మన దేశంలో బండి హెల్మెట్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. అందుకే ఇప్పుడు ప్రతి దాని మీదా ముద్ర కనిపిస్తుంది, రోడ్డు పక్కన 300కి అమ్మే దాని మీద కూడా. ముద్ర ఉందా అని కాదు, ముద్ర చుట్టూ ఏముందో చూడండి. అసలుదైతే ముద్ర పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని రాసి పక్కన లైసెన్స్ నంబరు ఉంటుంది. ఉత్త ఐఎస్ఐ అక్షరాలతో వెండి రంగు స్టిక్కర్ ఉంటే అది అలంకారం. ఐఎస్ఐ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ పేరు బీఐఎస్. ఫోన్‌లో వాళ్ల బీఐఎస్ కేర్ అనే యాప్ వేసుకుని, లైసెన్స్ వివరాలు చూసే చోట ఆ నంబరు కొట్టండి. తయారీదారు పేరు, చిరునామా, ఆ లైసెన్స్ ఇంకా నడుస్తోందా లేదా అన్నది వస్తుంది. హెల్మెట్ మీద ఒక కంపెనీ పేరుండి యాప్‌లో ఇంకెవరిదో వస్తే, లేదా నంబరు ఏ కుక్కర్ కంపెనీదో అయితే, నవ్వుకుని బయటికి వచ్చేయండి. రెండు నిమిషాల పని.

ఈ ముద్ర అర్థం కూడా తెలుసుకోండి. వేడిలో, చలిలో, తడిలో పెట్టి తీశాక నిర్ణీత వేగంతో దెబ్బ కొట్టి లోపలికి ఎంత చేరిందో కొలుస్తారు, పట్టీని లాగి చూస్తారు, పక్కలకు చూపు ఎంత అందుతుందో చూస్తారు. అది కనీస స్థాయి. 900దీ 6000దీ రెండూ ఆ గీత దాటినవే. గీత దాటాక ఎంత ముందుకు వెళ్లిందన్నది ముద్ర చెప్పదు. అందుకే చవక హెల్మెట్లన్నీ ఒకటేనని నేను అనను, చవకది పనికిరాదని కూడా అనను.

డాట్ స్టిక్కర్ గురించి అడిగేవాళ్లు ఉంటారు. అది అమెరికా ప్రమాణం. అక్కడ కూడా తయారీదారు తనకు తానే ప్రకటించుకునే పద్ధతి. మన బజారులో 500 రూపాయల హెల్మెట్ వెనక డాట్ అని ఉంటే దానికి విలువ ఇవ్వకండి. యూరప్ ఈసీఈ ముద్రకు మాత్రం అర్థం ఉంది. సాధారణంగా పట్టీకి కుట్టిన చిన్న లేబుల్ మీద, వలయంలో ఇంగ్లిష్ ఈ అక్షరం, పక్కన దేశం అంకె, కింద నంబరు ఉంటాయి. వాళ్ల కొత్త 22.06 నిబంధనలో తలను మెలితిప్పే దెబ్బలకు కూడా పరీక్ష పెట్టారు. కానీ మీ బడ్జెట్‌లో అది రాదు, దాని కోసం ఆగి ఈలోపు టోపీ హెల్మెట్‌తో తిరగకండి.

అన్నిటికన్నా ముఖ్యం, జనం అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేదీ సైజు. షాపుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒక సైజు పెద్దది అడుగుతారు. వదులుగా ఉంటే హాయి అనుకుంటారు. దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు అంగుళం పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటి మీదుగా చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వచ్చిందంటే 580 అని రాసిన హెల్మెట్ చూడండి. మీడియం, లార్జ్ అన్న మాటల్ని పట్టించుకోకండి. ఒక కంపెనీ మీడియం అన్న 580ని ఇంకో కంపెనీ లార్జ్ అంటుంది. మిల్లీమీటర్ల అంకె ఒక్కటే నమ్మదగ్గది.

పెట్టుకున్నాక చెంపలు కాస్త లోపలికి నొక్కుకోవాలి, మాట్లాడితే చెంప పంటికి తగిలేంత. కొత్తలో అలాగే ఉండాలి, కుషన్లు వాడగా వాడగా కుంగుతాయి. పట్టీ బిగించి తల కదలకుండా ఉంచి హెల్మెట్‌ను చేతులతో ఎడమకూ కుడికీ తిప్పండి. నుదుటి చర్మం దాంతో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారితే సైజు పెద్దది. తర్వాత వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు నెట్టండి. తల మీద నుంచి ఊడి వచ్చేస్తే అది ఎంత ఖరీదైనదైనా మీకు పనికిరాదు. చివరగా షాపులోనే ఒక పదిహేను నిమిషాలు ఉంచుకుని మిగతావి చూడండి. తీశాక నుదుటి మీద ఒక్క చోటే ఎర్రగా అచ్చు పడి నొప్పిగా ఉంటే మీ తల ఆకారానికి ఆ మోడల్ కుదరదు. పెద్ద సైజు కాదు, వేరే కంపెనీది చూడాలి. కళ్లజోడు ఉంటే అది పెట్టుకునే చూడండి. కాడలు కణతల్లో గుచ్చుకుంటే నాలుగు రోజులకే హెల్మెట్ అటక ఎక్కుతుంది.

ఫుల్ ఫేస్ అని పదేపదే ఎందుకు అంటున్నానంటే, మొహం కింద భాగానికి తగిలే దెబ్బలు తక్కువేం కాదు. వానాకాలంలో బెంజి సర్కిల్ దగ్గర జారిపడిన కుర్రాడొకడు తన హెల్మెట్ తెచ్చి చూపించాడు. పైన ఒక్క గీత లేదు, గడ్డం ముందు భాగమంతా రోడ్డుకు అరిగిపోయి తెల్లబారింది. అదే హాఫ్ ఫేస్ అయ్యుంటే అరిగేది దవడే. చెవుల పైనే ఆగిపోయే టోపీ హెల్మెట్ల సంగతి చెప్పక్కర్లేదు. గడ్డం భాగాన్ని పైకి లేపే రకం బాగుంటుంది కానీ 1500 దగ్గర దాని తాళం, కీళ్లు ప్లాస్టిక్‌వి వస్తుంటాయి. ఈ ధరలో నేనైతే సలహా ఇవ్వను. ఫుల్ ఫేస్ కొనేటప్పుడు కూడా గడ్డం భాగం లోపలి వైపు వేలు పెట్టి చూడండి. కొన్ని చవక మోడళ్లలో అక్కడ ఉత్త ప్లాస్టిక్కే ఉంటుంది, థర్మోకోల్ ఉన్నది దొరికితే దాన్ని ఎంచుకోండి.

గ్లాసు, అదే వైజర్, కళ్లకు ఎదురుగా కాకుండా చేయి చాపి పట్టుకుని, దాంట్లోంచి ట్యూబ్‌లైటునో తలుపు అంచునో చూస్తూ మెల్లగా పైకీ కిందకీ కదపండి. గీత వంకర్లు పోతే రోజూ తలనొప్పి ఖాయం. నల్ల గ్లాసు స్టైల్‌గా ఉంటుంది కానీ మీరు ఆఫీసు నుంచి చీకటి పడ్డాకే కదా వచ్చేది? తెల్లది తీసుకోండి. బడ్జెట్ హెల్మెట్ల గ్లాసుకు గీతలు తొందరగా పడతాయి. విడి గ్లాసు రెండు మూడు వందలకు దొరికే మోడల్ అయితే ఏడాదికొకసారి మార్చేయొచ్చు. కొనే ముందే ఈ మాట అడగండి.

మరి 5000 పెట్టినవాళ్లకు ఏం వస్తుంది? మామూలు ఏబీఎస్ ప్లాస్టిక్ బదులు ఫైబర్ డొప్ప, వేర్వేరు సాంద్రతల థర్మోకోల్, గాలి చొరబడే దారులు, ఉతుక్కోవడానికి ఊడి వచ్చే మెత్తటి లైనింగ్, పొగమంచు పట్టని గ్లాసు, తక్కువ చప్పుడు. హైవే మీద గంటల తరబడి 90లో వెళ్లేవాళ్లకు వీటి విలువ తెలుస్తుంది. ఫ్లైఓవర్ల కింద 30, 40లో పాకే మీకు వీటిలో నిజంగా అక్కరకొచ్చేది గాలి, ఉతికే లైనింగ్. ఆ రెండూ 1500లో కూడా కొన్ని మోడళ్లలో ఉన్నాయి. బొమ్మలు, రంగుల డిజైన్లు ఉన్నదానికి అదే మోడల్ సాదాదాని కన్నా కొన్ని వందలు ఎక్కువ తీసుకుంటారు, దాంతో రక్షణ ఒక్క వీసం పెరగదు. సాదాది, వీలైతే తెలుపు తీసుకోండి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చేసిన ఒక అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నల్ల హెల్మెట్లతో పోలిస్తే తెల్ల హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లకు గాయపడే ప్రమాదం 24 శాతం తక్కువని అందులో తేలింది. మన కుర్రాళ్లకు మాత్రం మ్యాట్ బ్లాకే కావాలి, ఎంత చెప్పినా నా దగ్గర ఎక్కువ పోయేది అదే.

ఆన్‌లైన్‌లో కొంటే కంపెనీ సొంత సైటు గానీ, అధికారిక విక్రేత గానీ అయ్యుండాలి. పేరున్న కంపెనీ మోడల్ సగం ధరకు కనిపిస్తే అనుమానించండి. లోపల తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటుంది. మూడేళ్ల పాత సరుకు డిస్కౌంట్‌లో అంటగడితే తీసుకోకండి. రోజూ వాడే హెల్మెట్‌ను నాలుగైదేళ్లకు మార్చేయమంటాను, పెద్ద దెబ్బ తగిలితే ఆ రోజే. పైన చిన్న గీతే కదా అని చాలామంది వాడుతూనే ఉంటారు. అలాంటి ఒకదాని లైనింగ్ తీస్తే థర్మోకోల్ అడ్డంగా చీలి ఉంది, బయట బొటనవేలంత గీత తప్ప ఏమీ లేదు.

కొన్నాక కొన్ని జాగ్రత్తలు. అద్దం కాడకు తగిలించొద్దు, లోపలి థర్మోకోల్ అక్కడే గుంట పడుతుంది. పెట్రోలు, థిన్నర్ లాంటివి పెట్టి తుడవొద్దు, ప్లాస్టిక్ బలం పోతుంది. షాంపూ నీళ్లు చాలు. యాక్టివా సీటు కింద చాలా ఫుల్ ఫేస్ హెల్మెట్లు పట్టవు. సీటు మీద కూర్చుని నొక్కి మరీ మూసేవాళ్లను చూశాను, అలా చేయకండి. తలకు బాగా నూనె పెట్టే అలవాటుంటే లోపల పల్చటి నూలు టోపీ వేసుకోండి, లైనింగ్ వాసన రాదు. జుట్టు ఊడుతుందా అని కూడా అడుగుతారేమో, చెమట పట్టిన లైనింగ్ ఉతక్కపోతే దురద, చుండ్రు వస్తాయి, అంతకు మించి భయపడాల్సింది లేదు.

చివరిగా మీ ఆవిడకు షోరూమ్ హెల్మెట్ సంగతి. కొత్త బండితో బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ నియమం చెప్తుంది. కాబట్టి అది ఉచితం కాబట్టి చెత్త అనుకోనక్కర్లేదు. పైన చెప్పినట్టు ముద్ర, థర్మోకోల్, పట్టీ చూడండి, బాగుంటే వాడండి. చిక్కు సైజుతోనే. వాళ్లు అందరికీ ఒకే సైజు చేతిలో పెడతారు, ఆడవాళ్లలో చాలామందికి 560 అవసరమవుతుంది. పైగా కొప్పు గానీ పెద్ద క్లిప్పు గానీ ఉంటే హెల్మెట్ నెత్తి మీద తేలిపోతుంది. జడ కిందికి వేసుకుని, క్లిప్పు తీసేసి, అప్పుడు తిప్పి చూడమనండి. జారితే మాత్రం ఆవిణ్ని కూడా షాపుకు తీసుకెళ్లి ఆవిడ తలకే పెట్టి చూసి కొనండి. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరే కాబట్టి మీ 1500 ఇద్దరికీ చాలదు. అందుకు తగ్గట్టు ఇంకో వెయ్యి పక్కన పెట్టుకోండి.